ఏరి పెట్టడమా, ముద్ర వేయడమా?

బరంపురంలో మా తమ్ముడి సెల్‌ఫోన్ రిపేర్ కొట్టులో చిన్న పార్టు ఒక్కటి అతికించాలన్నా ఊపిరి బిగబట్టాల్సిందే. మరి వెంట్రుక కన్నా సన్నని ఎల్‌ఈడీలను ఒక తెర మీద కోట్ల సంఖ్యలో పెట్టాలంటే? రెండు దారులున్నాయి.

పిక్ అండ్ ప్లేస్, అంటే ఏరి పెట్టే యంత్రం, వాక్యూమ్ ముక్కుతో ఒక్కొక్కటే పీల్చి, కెమెరాతో సరిచూసి పెడుతుంది. పాడైనవి వదిలేయొచ్చు. కానీ ఇలాంటి బుల్లి ఎల్‌ఈడీలతో చేసే 4కే మైక్రో ఎల్‌ఈడీ తెరకు దాదాపు 2.5 కోట్లు కావాలి. సెకనుకు పది పెట్టినా నెల పడుతుంది.

ట్రాన్స్‌ఫర్ ప్రింటింగ్‌లో, అంటే ముద్ర వేసే పద్ధతిలో, మెత్తని సిలికోన్ రబ్బరు ముద్ర ఒకేసారి వేలకొద్దీ ఎత్తుతుంది. జిగురు అక్కర్లేదు, అదే నాకు అద్భుతం! ముద్రను చటుక్కున లాగితే ముక్కలు దానికే అంటుకుని వస్తాయి. వాటిని తెర పలక మీద ఆనించి మెల్లగా లాగితే అక్కడే ఉండిపోతాయి. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్ బృందం 2006లో దీన్ని వివరించింది. చెడ్డవీ కలిసి వచ్చేస్తాయి, నిజమే. అయినా తెరలకు ముద్రే మేలు. ఖరీదైన లేజర్ చిప్ ఒక్కటే పెట్టాలంటే మాత్రం ఏరి పెట్టడమే నయం.