కడపలో సదస్సుకు వస్తే: బస, సాయంత్రాలు, మిగిలిన ఒక్క రోజు

కడపలో సదస్సంటే ముందు తేల్చుకోవాల్సింది బస. యోగి వేమన విశ్వవిద్యాలయం ఊరు దాటి పులివెందుల దారిలో ఉంది. రిమ్స్ వైద్య కళాశాల కూడా ఊరి అంచునే, పుట్లంపల్లె వైపు. నిర్వాహకులు వేదిక దగ్గరే గది ఇస్తామంటే పొద్దున తొమ్మిదింటి సెషన్‌కు అది హాయే. కానీ సాయంత్రం ఊళ్లోకి రావడం తేలిక, రాత్రి పదిన్నరకు తిరిగి వెళ్లే ఆటో దొరకడం కష్టం. ఊళ్లో తిరగాలనుంటే స్టేషన్, ఏడురోడ్ల కూడలి మధ్య ఎక్కడైనా లాడ్జి తీసుకుని, పొద్దున వేదికకు వెళ్లడమే మేలు.

గది ఖాయం చేసుకునే ముందు చెక్‌అవుట్ పద్ధతి అడగాలి. కొన్నిచోట్ల 24 గంటల లెక్క, కొన్నిచోట్ల మధ్యాహ్నం పన్నెండు లెక్క. కాచిగూడ నుంచి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కడపలో దిగేది తెల్లవారకముందే. పన్నెండు లెక్క ఉన్న హోటల్లో ఆ వేళకు దిగితే ఏడెనిమిది గంటలకే ఒక రోజు అద్దె పోతుంది. 24 గంటల లెక్కయినా తిరుగు ప్రయాణం రాత్రి బండికైతే మళ్లీ ఇంకో రోజు పడుతుంది, అప్పుడు సామాను రిసెప్షన్‌లో పెట్టి గది ఖాళీ చేయడమే లాభం. విమానాశ్రయం ఉంది గానీ సర్వీసులు తక్కువ. సదస్సు తేదీలకు విమానం ఉందో లేదో చూసుకున్నాకే సెలవు పెట్టుకోండి. రోడ్డు వైపు గది వద్దనండి, లారీ హారన్లకు నిద్ర పట్టదు. మార్చి నుంచి జూన్ దాకా ఏసీని వేయించి, పది నిమిషాలు కూర్చుని చూశాకే డబ్బు కట్టండి. కడప ఎండకు చల్లగాలి వస్తే సరిపోదు, గది చల్లబడాలి.

ఆటోలకు మీటర్లు వాడరు, ఎక్కేముందే ధర మాట్లాడుకోవాలి. మెడలో సదస్సు బ్యాడ్జి వేలాడుతుంటే అడిగే ధర కొంచెం పెరుగుతుంది. దాన్ని జేబులో పెట్టుకుని బేరమాడండి.

నైట్‌లైఫ్ విషయానికొస్తే, పబ్బులూ లైవ్ మ్యూజిక్కూ మనసులోంచి తీసేయండి. బార్లున్నాయి, కానీ కుటుంబంతో వచ్చినవాళ్లో, నలుగురు ఆడవాళ్లు కలిసో కూర్చుని కబుర్లాడుకునే చోట్లు కావు. కడప రాత్రంటే దోసె, దర్గా, సెకండ్ షో సినిమా. ఈ మూడింటిలో దోసెకే మొదటి ఓటు.

కడప కారం దోసెను బయటి ఊళ్లలో ఎర్రరంగు మసాలా దోసెలా చేసి అమ్ముతారు. ఇక్కడ పెనం దగ్గర నిలబడి చూడండి. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉప్పు కలిపి నూరిన ముద్ద ఒక గిన్నెలో, వేయించిన పప్పుల పొడి ఇంకో గిన్నెలో ఉంటాయి. పిండి పోసి తిప్పి, చుట్టూ నూనె చల్లి, పైన తడి ఆరుతుండగా కారం వేసి గరిటె అడుగుతో అంచుల దాకా రుద్దుతాడు. ఆ కారం పెనం వేడికి పచ్చివాసన పోయే దాకా ఆగి, పైన పప్పుల పొడి చల్లి మడుస్తాడు. ఆ ఆగడంలోనే ఉంది పనితనం. రద్దీ వేళ తొందరపడి తీసిన దోసెలో తెల్లగడ్డ పచ్చిగా తగిలి కడుపులో మంట పుడుతుంది. అందుకే జనం ఎగబడే సమయం దాటాక వెళ్లడం మంచిది. కారం తక్కువ కావాలంటే పిండి పోయకముందే చెప్పాలి, రుద్దాక చేసేదేమీ లేదు. నూనె బదులు నెయ్యి వేయమంటే ఘాటు కాస్త తగ్గుతుంది. పక్కన చెనిక్కాయల చట్నీ, ఉర్లగడ్డ కూర వస్తాయి. మొదటిసారి తినేవాళ్లకు ఒకటి చాలు, రెండోది మర్నాడు పెట్టుకోండి.

రాత్రి భోజనానికి రాగి సంగటి, నాటుకోడి పులుసు. సంగటి వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది. చల్లారి గట్టిపడిన ముద్ద తెచ్చిపెడితే మార్చమని అడగండి, మొహమాటం అక్కర్లేదు.

పెద్ద దర్గాకు, అంటే అమీన్ పీర్ దర్గాకు, సాయంత్రం వెళ్లడం మంచిది. తల కప్పుకోవడానికి చేతిరుమాలో, కొంగో ఉండాలి. చెప్పులు బయటే. గురువారం రద్దీ ఎక్కువ, ప్రశాంతంగా కూర్చోవాలంటే మిగతా రోజుల్లో వెళ్లండి. ఉరుసు రోజుల్లో మాత్రం సదస్సు పెట్టుకోవద్దని నిర్వాహకులకే చెప్పాలి. అప్పుడు ఊళ్లో గదులు దొరకవు.

దేవుని కడప ఊళ్లోదే, గంటన్నర చాలు. తిరుమలకు తొలిగడపగా పేరున్న వేంకటేశ్వరాలయం. ఉగాది నాడు ముస్లింలు వచ్చి ఈ స్వామికి పూజలు చేయించడం ఇక్కడి ఆనవాయితీ, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని. భాషా సాహిత్యాల సదస్సుకు వచ్చినవాళ్లయితే ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం తప్పక చూడాలి. 1820లో ఉద్యోగం మీద కడపకొచ్చిన బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలోనే దీన్ని కట్టారు, రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో. పుస్తకాలతో పాటు తాళపత్రాలూ ఉన్నాయి. సెలవు రోజున వెళ్లి గేటు చూసి రావద్దు, పనిదినం మధ్యాహ్నమే పెట్టుకోండి.

సగం పూట దొరికితే ఒంటిమిట్ట, సిద్ధవటం. ఒంటిమిట్ట రాజంపేట దారిలో 25 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. తిరుపతి వైపు వెళ్లే బస్సులు ఆ దారినే పోతాయి, కారు తప్పనిసరి కాదు. కోదండరామాలయంలో రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే శిలలో ఉంటారు, గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. 1652లో ఇటుగా వెళ్లిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఈ గోపురాన్ని మెచ్చుకున్నాడు. కవి వావిలికొలను సుబ్బారావు కొబ్బరిచిప్ప చేతబట్టి అడుక్కుని మరీ ఈ గుడిని బాగుచేయించారు. రంగమంటపం స్తంభాలు తీరిగ్గా చూడాల్సినవి, గోపురం దగ్గరే ఫొటోలు తీసుకుని తిరిగిపోయేవాళ్లు అసలుది వదిలేస్తున్నట్టే. ఎండాకాలం మధ్యాహ్నం రాతి నేల మీద కాలు పెట్టలేరు, పొద్దున లేదా ఐదు తర్వాత వెళ్లండి. శ్రీరామనవమి తర్వాత పండువెన్నెల్లో జరిగే కల్యాణం నాటి రాత్రి ఈ దారిలో రైలు పట్టుకునే పని పెట్టుకోకండి.

అక్కడి నుంచి దగ్గర్లోనే, పెన్న ఒడ్డున సిద్ధవటం కోట. చూసేవాళ్లు తక్కువ, నీడ ఇంకా తక్కువ. మంచినీళ్లు వెంట తీసుకెళ్లాలి. పుష్పగిరి ఇంకో దిక్కు, కర్నూలు దారి వైపు. చెన్నకేశవాలయం గోడల మీది కిరాతార్జునీయ శిల్పాల కోసం వెళ్లొచ్చు, కానీ ఒక్క సగం పూటే ఉంటే ఒంటిమిట్టకే మొగ్గు.

ఇక గండికోట. కడప నుంచి 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది, జమ్మలమడుగు నుంచి 15. లెక్క వేయండి: రానూపోనూ దారికే మూడున్నర, నాలుగు గంటలు. కోటలో మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం, రంగనాథాలయం, లోయ అంచు కలిపి కనీసం మూడు గంటలు. మధ్యాహ్నం సెషన్ ఎగ్గొట్టి రెండింటికి బయల్దేరితే చీకటి పడే వేళకు అంచు మీద ఉంటారు. అక్కడ రెయిలింగు లేదు, చివరి నడకంతా బండల మీదే. సదస్సుకు వేసుకొచ్చిన తోలు అడుగు బూట్లు ఆ బండల మీద జారుతాయి. కాబట్టి సదస్సు ముగిసిన సాయంత్రం బయల్దేరి రాత్రికి అక్కడే ఉండి, సూర్యోదయానికి లోయ చూడాలి. నడినెత్తి ఎండలో ఆ ఎర్రరాయి రంగు వెలవెలబోతుంది.

ఉండటానికి పర్యాటక శాఖ హరిత హోటల్, ప్రైవేటు గుడారాలు ఉన్నాయి. కుటుంబమైతే హరితే. గుడారం కుర్రాళ్ల జట్టుకు బాగుంటుంది, మరుగుదొడ్డి ఎంత దూరమో ముందే అడగాలి. శని, ఆదివారాల్లో రెండూ నిండిపోతాయి. రాత్రి భోజనం దారిలోంచే ఫోన్ చేసి చెప్పండి. పెట్రోలు, నగదు జమ్మలమడుగులోనే చూసుకోండి. ఎర్రగుంట్ల మీదుగా వెళితే దారిలో బండల పాలిష్ యూనిట్లు కనిపిస్తాయి, మన వంటింటి గట్టు మీది కడప బండ పుట్టిల్లు ఇదే.

కారు మాట్లాడేటప్పుడు రోజుకు కనీస కిలోమీటర్లు ఎన్ని, డ్రైవరు బత్తా ఎంత, రాత్రి ఆగితే అదనమెంత అని మూడూ విడివిడిగా అడగండి. కనీస లెక్క ఎలాగూ కట్టాలి గనుక, గండికోట నుంచి మర్నాడు బెలుం గుహలు కలుపుకుంటే కిలోమీటర్లు వృథా కావు. గుహ పొడవు 3,229 మీటర్లు, జనాన్ని అనుమతించేది అందులో కిలోమీటరున్నర దాకా. లోపల ఉక్కపోత, ఉబ్బసం ఉన్నవాళ్లు పాతాళగంగ దాకా దిగకపోవడమే మంచిది. అక్కడి నుంచి రాత్రి రైలుకు కడపకే రానక్కర్లేదు, హైదరాబాద్ వెళ్లేవాళ్లకు కర్నూలు వైపు పోవడమే సుఖం. డ్రైవరుకు ఆ మాట బయల్దేరేటప్పుడే చెప్పి, ఖాళీ బండి తిరుగు కిరాయి ఎంతో అప్పుడే తేల్చుకోండి.