పాడే పాటీ కుర్చీ: తొమ్మిది నెలలు వాడాక, సెల్సు పీకేశాక

పిల్లలకు ఉచ్చా కక్కా కూర్చుని పోవడం అలవాటు చేసే ఈ కుర్చీ కొన్న మూడో వారంలోనే మా వదినకూ పక్కింటి అక్కకూ చెప్పి మరీ కొనిపించాను. అందుకని ముందు వాళ్ళిద్దరికీ ఒక క్షమాపణ. సగం క్షమాపణే. కుర్చీ మంచిదే. దానికి పాట తగిలించినవాడి మీదే నా కోపమంతా.

రంగులు, కొలతలు, ఎంత బరువు మోస్తుందో అన్నీ డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. మాది నెల్లూరు. ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తాను, అంటే రోగుల చార్టులు చదివి ఒక్కో జబ్బుకూ దాని కోడ్ కొట్టే పని. మా ఆయన తెల్లారకముందే రొయ్యల గుంటల దగ్గరికి వెళ్ళిపోతాడు. పగలంతా ఇంట్లో నేను, మా అత్త, అప్పటికి రెండేళ్ళ రెండు నెలల పిల్లోడు. రోహిణి కార్తె ఎండలకు వాడికి డైపర్ కింద ఎర్రగా పొక్కిపోయింది. ఎవరెవరి పిల్లల చార్టుల్లోనో ఎల్22 అని కొట్టి ముందుకు పోతుంటాను, డైపర్ పొక్కుల కోడ్ అది. మన బిడ్డ ఒంటి మీద చూసేసరికి ఆ రోజు ఒక్క చార్టూ కదల్లేదు. సాయంత్రమే ట్రంకు రోడ్డుకు పోయి ఈ కుర్చీ తెచ్చాను.

పాట ఉందనే తెచ్చాను, అబద్ధమెందుకు. గిన్నె అడుగున పెసరబద్దంత లోహపు చుక్కలు రెండుంటాయి. తడి ఆ రెంటినీ కలిపిందంటే కరెంటు పారి పాట మొదలవుతుంది. నేను పక్కగదిలో తలుపేసుకుని పనిలో ఉన్నా, పాట వినపడితే పనయిందని తెలుస్తుంది కదా, లేచి పోయి కడగొచ్చు కదా అనుకున్నాను. రోజుకిన్ని చార్టులు, అందులో 95 శాతం తప్పు లేకుండా చెయ్యాలనే ఉద్యోగంలో, అరగంటకోసారి లేచి "వస్తోందా నాన్నా" అని అడిగే తీరిక ఎక్కడిది?

మొదటి నెల పండగే. పాట రాగానే అత్త చప్పట్లు, నా పరుగు, వాడి నోట్లో ఒక ఎండుద్రాక్ష. నేను ఊరంతా చెప్పుకున్నది ఈ నెల గురించే.

తర్వాత వాడు కనిపెట్టాడు, పాటకు ఉచ్చే పొయ్యనక్కర్లేదని. గ్లాసుడు నీళ్ళు పోసినా పాట వస్తోంది, చప్పట్లు పడుతున్నాయి, ద్రాక్షా దొరుకుతోంది. అసలుది మాత్రం సోఫా వెనక జరిగిపోతోంది. మాకు తెలిసేసరికి వారం పట్టింది. ఒకరోజు మజ్జిగ పోశాడు. ఇంకోరోజు అన్నంలోకని తీసిపెట్టిన చారు పోశాడు. ఆ చింతపండు పులుపుకు తెల్లగా కట్టిన గార ఊడి చుక్కలు తళతళలాడాయి, అదొక్కటే మాకు మిగిలిన లాభం. (ఇప్పటికీ ఆ గారకు నిమ్మచెక్కతోనే రుద్దుతాను. సబ్బు పనికిరాదు.)

నవ్వుకున్నాం. ఆగస్టులో ఒంగోలు పెళ్ళికి పోయేదాకా నవ్వుకుంటూనే ఉన్నాం.

పొద్దున్నే రైలెక్కాం. ఎందుకైనా మంచిదని డైపర్ వేశాను. ఇంట్లో మానేసి అప్పటికి రెండు నెలలు. బిట్రగుంట దాటగానే దాన్ని పట్టుకుని లాగుతూ "పాట ఏదీ" అన్నాడు. దాంట్లోనే పోసుకో నాన్నా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. కావలి దగ్గర కాళ్ళు మెలికేసుకుని నిలబడ్డాడు. ఫోన్‌లో పిల్లల పాటలన్నీ ఒకటొకటిగా పెట్టాను, అది కాదంటాడు. నేనే ఆ టింగు టింగుమనే రాగం నోటితో తీశాను. ఎదురు సీట్లో పెద్దాయన మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాడు. సింగరాయకొండకు వచ్చేసరికి ముఖం ఎర్రబడింది. ఏడవడం లేదు, ముట్టుకోనివ్వడం లేదు, నీళ్ళు ఇస్తే మూతి తిప్పుకుంటున్నాడు. తాగితే వస్తుందని వాడికీ తెలుసు.

మండపంలో బాత్రూముకు తీసుకుపోతే గుమ్మం పట్టుకుని లోపలికి రాలేదు. పొద్దున ఆరింటికి పోసినవాడు, అప్పటికి పదకొండున్నర. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. చుట్టాలు తలా ఒక సలహా చెబుతున్నారు. అత్త ఎవరితోనూ మాట్లాడలేదు. వంటల వెనక కుళాయి పక్కన ఒక ఇటుక మీద కూర్చుంది. కొత్త చీర మోకాళ్ళ దాకా ఎగదోసి, రెండు కాళ్ళూ చాపి, పాదాలు దగ్గరగా పెట్టి వాడిని వాటి మీద కూర్చోబెట్టుకుంది. కుళాయి సన్నగా తిప్పి, వాడి చెవి దగ్గర "స్స్స్స్" అంది. రెండో నిమిషం కాకముందే పోశాడు. ఎంతసేపు పోశాడంటే, గాడిపొయ్యి దగ్గరున్న మనిషి కూడా గరిటె ఆపి చూశాడు.

"పెట్టెలో పాట లేదని బిడ్డ ఉచ్చ ఆపుకుంటుండాడే, ఇదేం చోద్యం అమ్మాయ్," అంది అత్త, అంచు పిండుకుంటూ.

నాకు సమాధానం లేదు. ఆ పాట వాడికోసం కాదు, నేను లేవకుండా ఉండటానికి. తిరిగొచ్చాక పిల్లల డాక్టరుకు చూపిస్తే, ఇట్లా బిగబట్టడం అలవాటైతే మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ రెండూ వచ్చే వీలుందనీ, రాత్రి తడిపితే మాత్రం ఐదేళ్ళ దాకా కంగారు పడొద్దనీ చెప్పారు. ఆ రాత్రే సెల్సు పీకి గోడ గడియారంలో వేశాను. మూడు రోజులు కుర్చీ ముఖం చూడలేదు. నాలుగో రోజు అత్త పక్కన పీట వేసుకుని స్స్స్ అంటే కూర్చున్నాడు.

పాట తీసేశాకే కుర్చీ విలువ తెలిసింది. గిన్నె పైనుంచే ఊడివస్తుంది, నేల దాకా వంగక్కర్లేదు. అత్తకు మోకాళ్ళ నొప్పులు. పెళ్ళిలో ఒకసారంటే సరేగానీ, రోజుకు ఏడెనిమిదిసార్లు కాళ్ళ మీద కూర్చోబెట్టుకోలేదు. మాది ఇండియన్ టాయిలెట్టు, అంత చిన్న పిల్లోడికి అందులో కాలు జారుతుందని భయం. మా ఇంటికి ఈ కుర్చీ సరిపోయిందంటే ఈ రెండు కారణాల వల్లే. కమోడ్ ఉన్న ఇంట్లో దాని మీద పెట్టే చిన్న రింగు చాలేమో. పగలు మనిషి తోడు లేకుండా ఒక్కరే ఉద్యోగం, బిడ్డ రెండూ చూసుకునేవాళ్ళకు పాట నిజంగానే పనికిరావచ్చు, నేను కాదనలేను. నాకు అత్త ఉంది.

వదిన కూడా సెల్సు తీసేసిందట. పక్కింటి అక్క వాళ్ళ పాపకు మాత్రం పాటతోనే నెలలో అలవాటైపోయింది, ఏ గొడవా లేదు. మావాడికి ఇప్పుడు పగలు డైపర్ లేదు, రాత్రి ఉంది. నేను కాల్‌లో ఉంటే వాడే వెళ్ళి కూర్చుని స్స్స్ అనుకుంటున్నాడు. కక్క మాత్రం ఇంకా పరదా వెనకే.