లాన్‌హైడ్రాక్: మర్యాదలకు గోడలు కట్టిన ఇల్లు

విక్టోరియా కాలపు మర్యాదల గురించి ఎంత చదివినా, అవి గదుల మధ్య దూరాలుగా, తలుపుల వరుసలుగా కళ్లకు కనబడే చోటును చూస్తే తప్ప పూర్తిగా బోధపడవు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, బాడ్మిన్ పట్టణానికి దగ్గరలో, పాత భవనాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ నిర్వహణలో ఉన్న లాన్‌హైడ్రాక్ భవనం అలాంటి చోటు. ఇక్కడ సుమారు యాభై గదులు చూడవచ్చు. యజమానుల గదులతో పాటు వంటవారూ పనివారూ మసలిన భాగాన్ని కూడా అంతే శ్రద్ధగా చూపించడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఇల్లు పదిహేడో శతాబ్దానిది. 1881 ఏప్రిల్‌లో వంటింటి పొగగొట్టంలో రేగిన నిప్పు దానిలో చాలా భాగాన్ని కాల్చివేయగా, మరుసటి ఏడాది వారసుడైన రెండో లార్డ్ రోబార్ట్స్ దానిని రిచర్డ్ కోడ్ అనే వాస్తుశిల్పి చేత తిరిగి కట్టించారు. అందువల్ల బయటి నుంచి చూస్తే పాతకాలపు రాతి భవనంలా ఉన్నా, లోపల అడుగు పెట్టగానే 1880ల నాటి కుటుంబం తన రోజును ఎలా పంచుకునేదో గది గదికీ తెలుస్తుంది.

ముందు డ్రాయింగ్ రూమ్ సంగతి. మధ్యాహ్నం పలకరింపుకు వచ్చిన అతిథి పావుగంటకు మించి కూర్చోవడం ఆనాడు సభ్యత కాదు. వచ్చిన పురుషుడు తన టోపీనీ చేతికర్రనూ హాలులో వదలకుండా వెంట తెచ్చుకుని, కూర్చున్నంతసేపూ దగ్గరే ఉంచుకునేవాడు. వాటిని బయట వదిలేస్తే సొంత ఇల్లు అనుకుంటున్నాడని అర్థం. ఈ మాట గుర్తుంచుకుని ఆ గది తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడితే, మెత్తని కుర్చీల మధ్య టోపీ పట్టుకుని బిగుసుకు కూర్చున్న మనిషి అవస్థ కళ్లకు కడుతుంది. రాత్రి విందుకు వెళ్లేటప్పుడు ఇంటి యజమాని అందరికన్నా హోదా గల స్త్రీకి చేయి అందించి ముందు నడిచేవాడు. యజమానురాలు, హోదాలో మొదటివాడైన పురుషునితో, అందరికన్నా చివర వచ్చేది. ఈ ఊరేగింపు దర్జాగా సాగాలంటే డ్రాయింగ్ రూమ్‌కూ భోజనాల గదికీ మధ్య కొంత నడక ఉండాలి. భోజనం ముగిశాక స్త్రీలు లేచి వెళ్లిపోవాలి. పురుషులకు బిలియర్డ్స్ గది, దాని పక్కన చుట్ట కాల్చుకోవడానికి వేరే గది. పొగ వాసన డ్రాయింగ్ రూమ్‌కు చేరకుండా చూడటం కూడా కట్టడం పనే.

చూసేవారి కళ్లకు అసలు విందు మాత్రం వంటింటి వైపు ఉంది. ఇంటివారు ఒక సమాజమనీ, పనివారు మరొక సమాజమనీ, మధ్య తలుపు మూసుకుంటే ఒకరి చూపూ మాటా మరొకరిని చేరకూడదనీ 1864లోనే రాబర్ట్ కెర్ అనే వాస్తుశిల్పి రాశాడు. లాన్‌హైడ్రాక్ ఆ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. వంటిల్లు ఒక సభామందిరమంత ఎత్తుగా ఉంటుంది. పైనున్న కిటికీలను కింద నిలబడి చక్రాలతో తెరిచే ఏర్పాటు ఉంది. పాలగదిలో కొండ మీది నుంచి వచ్చే చల్లని నీరు పలకల చుట్టూ కాలువగా పారేది. ఇంత చేసినా వాసన భయంతో వంటింటిని దూరంగా కట్టారు కనుక, వడ్డన గదిలో పదార్థాలను తిరిగి వేడిగా ఉంచే ఇనుప అలమార పెట్టవలసి వచ్చింది. మర్యాద కోసం కూర చల్లార్చుకుని, మళ్లీ దాన్ని వేడి చేయడానికి యంత్రం తెచ్చుకున్నారన్నమాట! ఆ అలమారను చూసి నాకు నవ్వు ఆగలేదు.

మంటల నుంచి బయటపడిన పొడవైన గ్యాలరీ పైకప్పు మీద బైబిల్ పాత నిబంధన కథలు సున్నపు పనిలో చెక్కి ఉన్నాయి. పనితనం అబ్బురమే గాని, మర్యాదల కోసం వచ్చినవారికి అది వేరే అధ్యాయం.

నేను చేసిన పొరపాటు ముందు ద్వారం నుంచి మొదలుపెట్టి ప్రతి చిత్రపటం దగ్గరా ఆగడం. వంటింటికి చేరేసరికి కాళ్లు మొరాయించాయి. వెళ్లేవారు కనీసం సగం రోజు కేటాయించుకోవాలి. వంటిల్లు, పాలగది, వడ్డన గది నిదానంగా చూశాక, మళ్లీ వంటింటి దగ్గరకు వెళ్లి, చేతిలో నిండు సూపు పాత్ర ఉందనుకుని భోజనాల బల్ల దాకా ఒకసారి నడవండి.