మారుతీ 800 మీటరు కేబుల్: డబ్బులిచ్చే ముందు కౌంటర్ మీదే తేల్చుకోవాల్సినవి

మారుతీ 800కి మీటరు కేబుల్ (గేర్‌బాక్స్ నుంచి స్పీడోమీటరును తిప్పేది) మార్చాలంటే ఔటర్ (బయటి గొట్టం), ఇన్నర్ (లోపల తిరిగే తీగ), రెండు చివర్ల కనెక్టర్లు కలిసి వచ్చే పూర్తి కేబులే కొనాలి. కంపెనీ డబ్బాలో దొరికితే అదే తీసుకోవాలి. అది లేదంటే పేరున్న కేబుల్ తయారీదారుది, డబ్బా మీద పార్ట్ నంబరు స్పష్టంగా వేసినది తీసుకోవాలి. లోపలి తీగ ఒక్కటే మార్చడం కొన్ని సందర్భాల్లోనే నిలబడుతుంది. స్క్రాపు బండి నుంచి ఊడదీసిన కేబుల్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. ఎందుకో కింద వివరంగా ఉంది. అంతకంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది: కేబుల్ తెగడానికి కారణం చాలాసార్లు కేబుల్‌లో ఉండదు. ఆ కారణం అలాగే ఉండగా ఎంత మంచి కేబుల్ వేసినా వారం పది రోజుల్లో మళ్లీ షాపు మెట్లెక్కాల్సిందే.

ఈ కారు 1983 డిసెంబర్ నుంచి 2014 జనవరి దాకా తయారైంది. బీఎస్-4 అనే పొగ కాలుష్య నిబంధన రావడంతో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్‌లోనే అమ్మకం ఆగిపోయింది. అంటే హైదరాబాద్‌లో కొత్తగా కొన్న ఆఖరి 800కి కూడా 15 ఏళ్లు దాటాయి, అవన్నీ రీరిజిస్ట్రేషన్ వరుసలో ఉన్నవే. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 117వది బండికి స్పీడోమీటరు ఉండాలంటుంది. ముల్లు కదలని కారుతో ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లడం వృథా ప్రయాణం. కాబట్టి ఇది కొన్ని వందల రూపాయల వస్తువే అయినా వాయిదా వేసేది కాదు.

ముందు కేబుల్ నిజంగా పోయిందో లేదో చూడాలి. ముల్లు, కిలోమీటర్ల రీడింగు రెండూ ఆగిపోతే అనుమానం కేబుల్ మీద, లేదా గేర్‌బాక్స్ దగ్గరి చిన్న ప్లాస్టిక్ గేరు మీద. రీడింగు తిరుగుతూ ముల్లు మాత్రం పడుకుంటే కేబుల్ బాగానే ఉన్నట్టు, తేడా మీటరు లోపల ఉంది. ముల్లు లేచి రీడింగు కదలకపోతే మీటరులోని పళ్ల చక్రం విరిగింది. ఈ రెండు సందర్భాల్లోనూ కేబుల్ కొనడం దండగ. ముల్లు 20, 30 మధ్య ఊగిసలాడుతూ, డ్యాష్‌బోర్డు వెనక టిక్‌టిక్‌మనో కీచుమనో చప్పుడు వస్తుంటే కేబుల్ ఎండిపోయిందో, ఎక్కడో మడత పడిందో తెలుస్తుంది. ఇది తెగడానికి ముందొచ్చే హెచ్చరిక. ఈ దశలో పట్టుకుంటే మీటరు దెబ్బతినకుండా బయటపడుతుంది.

ఖాయం చేసుకోవడానికి గ్యారేజీ అక్కర్లేదు. బ్యాటరీ నెగటివ్ తీసేసి, మీటరు బోర్డు స్క్రూలు విప్పి కొద్దిగా ముందుకు లాగి, వెనక కేబుల్ లాక్ నొక్కి ఊడదీయాలి. ఔటర్‌లోంచి బయటికి కనిపించే ఇన్నర్ చివరకు చిన్న టేపు ముక్కను జెండాలా అంటించాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చదునైన చోట ఇంకొకరి చేత కారును 10 మీటర్లు తోయించాలి. సుజుకి లాంటి జపాన్ మీటర్లలో లెక్క కిలోమీటరుకు 637 చుట్లు. అంటే 10 మీటర్లకు ఆ జెండా ఆరు చుట్లు దాటి తిరగాలి. అసలు తిరగకపోతే ఇన్నర్‌ను పైనుంచే మెల్లగా లాగి చూడాలి. పొట్టి ముక్క చేతికొస్తే మధ్యలో తెగింది. నిండు పొడవు వచ్చి, రెండు చివర్ల పలకలూ పదునుగా ఉంటే కేబుల్ తప్పు లేదు, కింద గేరు పళ్లు అరిగాయి. ఆ గేరు గేర్‌బాక్స్‌లో ఒకే బోల్ట్‌తో బిగించిన గూట్లో ఉంటుంది. కారు పాతదైతే కేబుల్‌తో పాటు దాన్ని కూడా పైకి తీసి చూడటం మంచిది.

ఉత్పత్తి ఆగడానికి ముందు చివరి ఏళ్లలో వచ్చిన బండ్లలో ఇంకో జాగ్రత్త ఉంది. గేర్‌బాక్స్ దగ్గరికి వచ్చేది తిరిగే కేబులా, వైర్లున్న సెన్సర్ సాకెట్టా అన్నది కళ్లతో చూశాకే షాపుకు వెళ్లాలి. వైర్లుంటే ఈ వ్యాసంతో పని లేదు.

షాపులో "మారుతీ కేబుల్ ఇవ్వండి" అని అడిగితే కౌంటర్ వాళ్లు చేతికందింది ఇస్తారు. 800, ఆమ్నీ, జిప్సీ, జెన్ అన్నీ మారుతీలే. ఆమ్నీకి ఇంజను, గేర్‌బాక్స్ సీటు కింద బండి పొడవునా ఉంటాయి, జిప్సీకి కేబుల్ వేరే చోట నుంచి వస్తుంది. కాబట్టి పొడవులూ చివర్లూ కలవవు. సుజుకి నంబర్ల పద్ధతిలో స్పీడోమీటర్ కేబుల్ పార్ట్ నంబరు 34910తో మొదలవుతుంది, తర్వాతి అంకెలు మోడల్‌ను చెబుతాయి. డబ్బా మీద మొదటి ఐదంకెలు వేరుగా ఉంటే అది ఈ వస్తువే కాదు. ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ కౌంటర్లో పూర్తి నంబరు రాయించుకుని, దాంతో బయట మార్కెట్‌కు వెళ్తే సగం తిప్పలు తప్పుతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో, విశాఖలో గాజువాక పక్క ఆటోనగర్‌లో ఈ నంబరు చెబితే కౌంటర్ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. చెన్నై, బెంగళూరుల్లో ఉన్న మనవాళ్లకైతే జీపీ రోడ్డు, జేసీ రోడ్డు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా పాత కేబుల్ సంచిలో ఉండాలి, తెగిన ముక్కలతో సహా.

కౌంటర్ మీద కొత్తదీ పాతదీ పక్కపక్కన పరవాలి. మొదట ఔటర్ పొడవు. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా సరిపెట్టుకోవచ్చు, పొట్టిదైతే మాత్రం తీసుకోకూడదు. లాగి తగిలించిన కేబుల్ మీటరు దగ్గర బిగుసుకుని చివరే ముందు అరుగుతుంది. తర్వాత అన్నిటికంటే ముఖ్యమైనది: మీటరు వైపు ఔటర్ దాటి ఇన్నర్ ఎంత బయటికి వస్తోందో చూడాలి. పాతదానికీ కొత్తదానికీ అది మిల్లీమీటర్ల లెక్కన కలవాలి. తక్కువుంటే గుంతలు రాగానే జారిపోయి ముల్లు పడిపోతుంది. ఎక్కువుంటే మీటరులోని ఇరుసును నెట్టి, అయస్కాంతాన్ని అల్యూమినియం గిన్నెకు రాపిస్తుంది. కొత్త కేబుల్ వేసిన రోజే మీటరు పాడైందనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఈ మిల్లీమీటర్లే.

ఆ తర్వాత ఇన్నర్‌ను సగం బయటికి లాగి వెలుతురులో చూడాలి. మంచి ఇన్నర్ ఒకే తీగ కాదు. సన్నని ఉక్కు తీగలను పొర మీద పొరగా, ఒక పొర కుడికి, ఇంకొకటి ఎడమకు చుట్టి చేస్తారు. వేలి గోరుతో గీస్తే చుట్లు సన్నగా, దగ్గరగా, ఎక్కడా ఖాళీ లేకుండా తగలాలి. మెల్లగా వంచి వదిలితే నిటారుగా వెనక్కి రావాలి. వంపు ఉండిపోతే అది మెత్తటి తీగ, పక్కన పెట్టేయాలి. చివర నలుపలకగా నొక్కిన భాగం నాలుగు అంచులూ పదునుగా ఉండాలి. సుత్తితో కొట్టినట్టు చదునుగా, ఒక అంచు గుండ్రంగా ఉంటే కొద్ది రోజుల్లోనే మీటరు రంధ్రంలో జారడం మొదలవుతుంది. ఆఖరుగా ఔటర్‌ను పెద్ద వలయంలా పట్టుకుని ఒక చివర ఇన్నర్‌ను వేళ్లతో తిప్పాలి. రెండో చివర అదే క్షణంలో, నున్నగా తిరగాలి. ఇక్కడ కాస్త ఆగి, ఎగిరి తిరిగితే కారులో ముల్లు కూడా అలాగే ఎగురుతుంది. ఈ పరీక్షకు అర నిమిషం చాలు, దీన్ని చేయనివ్వని షాపులో కొనక్కర్లేదు.

ఇలా చూస్తే కంపెనీ డబ్బా కేబుల్ ముందుండటానికి కారణం తెలుస్తుంది. దానికి ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు) రంధ్రంలో కూర్చునే రబ్బరు బుష్ సరైన చోటనే వస్తుంది, మీటరు వైపు లాక్ మొదటిసారే టక్కున పడుతుంది. పేరున్న బయటి తయారీలో తీగ నాణ్యత దాదాపు అంతే ఉంటుంది. తేడా ఎక్కువగా ఆ రబ్బరు, ప్లాస్టిక్ ముక్కల్లో కనిపిస్తుంది. పాత కేబుల్ రబ్బరు బాగుంటే దాన్ని కొత్తదానికి ఎక్కించుకుంటే సరిపోతుంది. పేరూ నంబరూ లేని కవర్లో వచ్చే కేబుల్ పై పరీక్షలన్నీ నెగ్గితే అత్యవసరానికి వాడొచ్చు, నమ్మకం పెట్టుకోకూడదు. చుట్టలోంచి కత్తిరించి చివర నొక్కి ఇచ్చే ఇన్నర్ విషయంలో ఒక మెలిక ఉంది. ఇన్నర్ పై పొర చుట్టిన దిక్కు, కేబుల్ తిరిగేటప్పుడు ఇంకా బిగుసుకునేలా ఉండాలి. ఎదురు దిక్కు చుట్టినది వేస్తే తిరిగేకొద్దీ విప్పారి ఔటర్‌లో ఇరుక్కుంటుంది. పాత ముక్క చుట్టు దిక్కుతో పోల్చి, ఔటర్ లోపల శుభ్రంగా, మడత లేకుండా ఉందని చూసుకున్నప్పుడే ఇన్నర్ మాత్రం కొనాలి. ఇక స్క్రాపు కేబుల్: లక్ష కిలోమీటర్లు నడిచిన కారులో ఇన్నర్ 6 కోట్ల 37 లక్షల చుట్లు తిరిగి ఉంటుంది. ఆ అరుగుదల ఔటర్ లోపల ఉంటుంది, బయటికి కనపడదు. మీటరు వైపు లాక్ విరిగి అది విడిగా దొరకనప్పుడు, ఆ ముక్క కోసం స్క్రాపు వెతకడం వేరే మాట.

కొత్తది బిగించే ముందు మీటరు వెనక రంధ్రాన్ని పరీక్షించడం తప్పనిసరి. అక్కడ సరిపోయే చిన్న నలుపలక పుల్లనో సన్న స్క్రూడ్రైవర్‌నో పెట్టి వేళ్లతో తిప్పాలి. దాదాపు బరువే తెలియకూడదు. పట్టినట్టు ఉంటే లోపలి బుష్ ఎండిపోయింది, పాత కేబుల్‌ను తెంపింది అదే. ఒక చుక్క పల్చటి మిషన్ ఆయిల్ వేసి తిప్పుతూ వదులు చేయాలి. ఒక్క చుక్కే. వదులు కాకపోతే మీటరు మెకానిక్‌కు ఇవ్వాలి, అది బాగయ్యేదాకా కేబుల్ వేయకూడదు. ఆ తర్వాత పాత కేబుల్ పై చివర చూడాలి. అక్కడ గేర్ ఆయిల్ తడి ఉంటే కింద ప్లాస్టిక్ గేరు గూటి సీలు, ఓ-రింగ్ (రబ్బరు రింగు) పోయాయి. తిరిగే ఇన్నర్ ఆ ఆయిల్‌ను స్క్రూ లాగా పైకి ఎక్కించి మీటరు గిన్నెలోకి చేరుస్తుంది. అప్పుడు ముల్లు 80, 100 దగ్గర అంటుకుపోతుంది. ఆ సీలు చాలా చవక, ఇదే పనిలో మార్చేయాలి.

గ్రీజు విషయంలో చేసే తప్పు ఎక్కువ పెట్టడం. ఇన్నర్‌ను పూర్తిగా బయటికి తీసి, గ్రాఫైట్ కలిసిన గ్రీజో పల్చటి లిథియం గ్రీజో వేళ్లతో పూతలా రాయాలి. గేర్‌బాక్స్ వైపు మూడింట రెండు వంతులకే రాయాలి. మీటరు వైపు కనీసం 15 నుంచి 20 సెంటీమీటర్లు పొడిగా వదలాలి, గ్రీజు తిరుగుతూ పైకి తానే చేరుతుంది. గ్రీజుకు బదులు ఇంజన్ ఆయిల్ వేస్తే కారిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు నాలుగు రోజుల్లో ఆవిరై, ఉన్న గ్రీజును కూడా కడిగేస్తాయి.

దారి పట్టించేటప్పుడు కేబుల్ ఎక్కడా 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే చిన్న వంపు తిరగకూడదు. పాత కేబుల్ వెళ్లిన దారే సరైనదని గుడ్డిగా నమ్మొద్దు. ఇన్నేళ్లలో ఎవరో ఒకరు క్లిప్పు తీసేసి, సైలెన్సర్ గొట్టం పక్క నుంచి వేసి ఉండొచ్చు. వేడికి ఔటర్ ప్లాస్టిక్ మెత్తబడి ఇన్నర్‌ను పట్టేస్తుంది. క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్లతో కలిపి టేపు చుట్టకూడదు. ముందు గేర్‌బాక్స్ వైపు చివర కూర్చోబెట్టాలి. ఇన్నర్‌ను పైనుంచి మెల్లగా తిప్పుతూ నొక్కితే పలక గేరు రంధ్రంలో దిగినట్టు చేతికి తెలుస్తుంది. అది దిగకుండా నట్టు బిగిస్తే అక్కడే నలుగుతుంది. నట్టున్న చోట చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. మీటరు వైపు టక్‌మన్న చప్పుడు వినాలి, తర్వాత మెల్లగా లాగి చూడాలి. మీటరు బోర్డు వెనక్కి నెట్టేటప్పుడు కేబుల్ మడత పడే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ. అందుకే ఒకరు బానెట్ వైపు నుంచి కేబుల్‌ను కొద్దిగా లాగుతూ ఉండాలి.

రోడ్డు మీద 60 చూపిస్తూ నిలకడగా నడిపితే ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి 60 సెకన్లు పట్టాలి. పక్కన కూర్చున్నవాళ్లు ఫోన్‌లో జీపీఎస్ వేగంతో కూడా పోల్చొచ్చు. మీటరు నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువ చూపితే మామూలే. అంతకంటే బాగా తేడా వస్తే కేబుల్‌ను తిట్టొద్దు, అది చుట్లను మోసుకొస్తుందంతే. టైరు సైజు మార్చారేమో, వేరే మోడల్ ప్లాస్టిక్ గేరు వేశారేమో చూడాలి. 500 కిలోమీటర్లు నడిచాక ఒకసారి మీటరు వైపు చివర ఊడదీసి వేలితో తాకి చూడాలి. పొడిగా ఉంటే సీలు పట్టింది, పని అయిపోయింది.