పార్ట్‌నర్‌కి మనమే చెప్పాలా, హెల్త్ డిపార్ట్‌మెంట్ చేత చెప్పించాలా?

సిఫిలిస్, గనేరియా లాంటి సెక్స్ ద్వారా అంటుకునే జబ్బులు పాజిటివ్ వస్తే చాలా దేశాల్లో డాక్టరో ల్యాబో హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి రిపోర్ట్ చేయాల్సిందే, అందులో మన ఛాయిస్ ఉండదు. పార్ట్‌నర్‌కి ఎవరు చెప్పాలన్నదే మన చేతిలో ఉండేది.

టైమ్: మనం చెప్తే ఈరోజే తెలుస్తుంది. డిపార్ట్‌మెంట్ వాళ్ళైతే నంబర్ వెతికి కాల్ చేసేసరికి రోజులు పట్టొచ్చు.

పేరు: మనం చెప్తే దాపరికం లేదు. వాళ్ళు మామూలుగా మన పేరు చెప్పరు, టెస్ట్ చేయించుకోండి అంటారంతే. కానీ అవతలి మనిషికి ఉన్నది మీరొక్కరే అయితే ఇట్టే ఊహించేస్తారు, ఇది మాత్రం ముందే ఆలోచించుకోండి.

కష్టం: మనం చెప్పాలంటే నోరు పెగలదు, నిజమే, కానీ క్లమీడియా (ఇదీ సెక్స్ ద్వారా అంటుకునే జబ్బే) ఉన్న చాలామందికి లక్షణాలే కనపడవు కాబట్టి ఎవరూ చెప్పకపోతే వాళ్ళకి తెలిసే దారే లేదు, పైగా మనకి ట్రీట్‌మెంట్ అయ్యాక వాళ్ళ నుంచి మళ్ళీ మనకే అంటుకోవచ్చు.

నమ్మకమున్న బంధమైతే మీరే చెప్పండి. పాత పరిచయాలు, మాటల్లేని వాళ్ళు అయితే డిపార్ట్‌మెంట్‌కి వదిలేయండి. కొడతారేమో అన్న భయం ఉంటే మాత్రం అస్సలు మీరు చెప్పొద్దు, ఎవరికీ ఫోన్ వెళ్ళకముందే ఆ సంగతి హెల్త్ వర్కర్‌కి చెప్పేయండి.