రైజెన్ 5 5600, ఆర్ఎక్స్ 6600 జోడీ: ఏడాదిన్నర వాడాక నా రివ్యూ

గేమింగ్ పీసీ తీసుకుంటున్నానని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది ప్రాసెసర్ గురించే, "ఐ7 వేయిస్తున్నావా, రైజెన్ 7 వేయిస్తున్నావా" అని. నేను కూడా మొదట్లో అలాగే ఆలోచించాను. కానీ ఎన్నో రివ్యూలు చదివి, బెంచ్‌మార్క్ వీడియోలు చూసి, కాగితం మీద లెక్కలు వేసి వేసి, చివరికి ఏఎండీ కంపెనీవే అయిన రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డ్, బీ550 మదర్‌బోర్డ్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (ఆటలు, ఫైళ్లు దాచుకునే వేగమైన డ్రైవ్), 550 వాట్ల పవర్ సప్లై దగ్గర ఆగాను. ఏడాదిన్నరగా రోజూ వాడుతున్నాను. 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద ఆడుకునేవాళ్లకైతే ఈ సెట్ కళ్లు మూసుకుని తీసుకోమంటాను. కాకపోతే ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గిస్తే దెబ్బతింటాం అన్నది చెప్పాలి, బడ్జెట్ బిల్డ్‌లో అసలు పని అదే.

ముందు గ్రాఫిక్స్ కార్డ్. గేమింగ్ కోసం పెట్టే డబ్బులో పెద్ద వాటా దీనికే పోవాలి, మొత్తంలో మూడో వంతు దాటినా కంగారు పడక్కర్లేదు. ఆర్ఎక్స్ 6600 2021 అక్టోబర్‌లో వచ్చిన కార్డ్, 8 జీబీ మెమరీ, తినే కరెంటు 132 వాట్లు మాత్రమే, ఒక్క 8 పిన్ కేబుల్ తగిలిస్తే చాలు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి దీనికి లెక్కే కాదు, సైబర్‌పంక్ 2077 కూడా రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే పద్ధతి) ఆపేసి హై సెట్టింగ్స్‌లో పెట్టుకుంటే 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్క) దగ్గర హాయిగా నడుస్తుంది. బరువైన ఆటల్లో ఎఫ్ఎస్ఆర్ (బొమ్మను చిన్న సైజులో గీసి పెద్దది చేసి చూపే సెట్టింగ్) ఆన్ చేసుకుంటే ఇంకాస్త ఊపు వస్తుంది, అయితే 1080పీలో క్వాలిటీ మోడ్ కంటే కిందికి దిగితే బొమ్మ మసకబారుతుంది, అది నాకు నచ్చలేదు.

గ్రాఫిక్స్ కార్డులు కొనేటప్పుడు పేర్లను నమ్మొద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతోనే 8 జీబీ కార్డ్ ఉంది, 6 జీబీ కార్డ్ ఉంది. తేడా మెమరీ ఒక్కటే అనుకుంటారు కానీ 6 జీబీ దాంట్లో కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కూడా తక్కువ, మెమరీకి దారి అయిన మెమరీ బస్ 128 బిట్ నుంచి 96 బిట్‌కు తగ్గిపోయింది. పేరు ఒకటే, సరుకు వేరు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ సంగతి ఇంకా దారుణం. పేరు వింటే 6600కి ఒక మెట్టు కింద ఉంటుందేమో అనిపిస్తుంది, తీరా చూస్తే 4 జీబీ మెమరీ, పీసీఐఈ లేన్లు (కార్డ్‌కీ బోర్డ్‌కీ మధ్య డేటా నడిచే దారులు) నాలుగే, పైగా రికార్డింగ్‌కి పనికొచ్చే వీడియో ఎన్‌కోడర్ కూడా లేదు. ఆ కార్డ్‌ని పీసీఐఈ 3.0, అంటే నెమ్మదైన పాత వెర్షన్ ఉన్న బోర్డ్‌లో పెడితే, మెమరీ నిండిన ప్రతిసారీ ఆ సన్నటి దారిలోంచే డేటా రావాలి కాబట్టి ఆట ఆగి ఆగి నడుస్తుంది. బడ్జెట్‌లో కొనేవాళ్ల దగ్గర ఉండేదే పాత బోర్డ్, వాళ్లకే ఎక్కువ నష్టం జరగడం నాకు నిజంగా బాధనిపిస్తుంది.

ప్రాసెసర్‌లోనూ ఇదే కథ. రైజెన్ 5 5500, 5600 రెండిటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. కానీ 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) 32 ఎంబీ, 5500లో 16 ఎంబీ. ఆటల్లో ఈ క్యాష్ చాలా పని చేస్తుంది, సగటు ఎఫ్‌పీఎస్ కంటే ముఖ్యంగా మధ్య మధ్యలో వచ్చే కుదుపులు తగ్గుతాయి. 5500 పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది కూడా. రెండిటి మధ్య ధర తేడా కొద్దిగానే ఉంటే 5600కే వెళ్లండి. ఇంటెల్ వైపు చూస్తే ఐ3 12100ఎఫ్ నాలుగు కోర్లదైనా మంచి ప్రాసెసర్, బడ్జెట్ మరీ గట్టిగా ఉంటే దానితో ఆడుకోవచ్చు, కానీ వెనకాల డిస్కార్డ్, బ్రౌజర్, రికార్డింగ్ అన్నీ తెరిచి ఉంచే అలవాటున్నవాళ్లకు ఆరు కోర్లు ఉండాల్సిందే. డబ్బాలో వచ్చే కూలర్‌తోనే నెట్టుకొస్తున్నాను, ఆడేటప్పుడు ప్రాసెసర్ వేడి 70 నుంచి 75 డిగ్రీల మధ్య ఉంటుంది, దీని హద్దు 90. విడిగా కూలర్ కొనే డబ్బు గ్రాఫిక్స్ కార్డ్‌కి కలుపుకోవడం నయం. ఒక్క జాగ్రత్త, 5600లో లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డ్ లేకుండా స్క్రీన్ వెలగదు. మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డ్‌కి పెట్టేసి పీసీ పాడైందని టెన్షన్ పడేవాళ్లు చాలామంది, అది కార్డ్‌కి పెట్టాలి.

మదర్‌బోర్డ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, నాలుగు ర్యామ్ స్లాట్లున్న మామూలు బీ550 చాలు, లైట్లకీ వైఫైకీ అదనంగా పెట్టే ముందు అవి మీకు నిజంగా కావాలా అని చూసుకోండి.

ర్యామ్ దగ్గర మాత్రం 16 జీబీ ఒకే స్టిక్ కొనొద్దు, 8 జీబీవి రెండు కొనండి. రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ రెండు దారుల్లో డేటా తెచ్చుకుంటుంది, ఆటలో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. నాలుగు స్లాట్లున్న బోర్డ్‌లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. ఇంకో సంగతి, నాకు మూడు నెలలు తెలియలేదు: 3200 అని రాసున్న ర్యామ్ పెట్టగానే 3200లో నడవదు. నాది 2400 దగ్గరే నడుస్తూ ఉంది, బయోస్‌లోకి (పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) వెళ్లి ఎక్స్ఎంపీ అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేశాకే అసలు వేగం వచ్చింది. అదే రోజు మానిటర్ కూడా చూసుకున్నాను, 144 హెర్ట్జ్ మానిటర్ విండోస్‌లో 60 దగ్గరే ఉంది. 60 హెర్ట్జ్‌లో కొత్త ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తే 144లో దాదాపు 6.9 మిల్లీసెకన్లకే వస్తుంది, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అది మార్చి మౌస్ కదిపిన ఆ క్షణం నాకు ఇంకా గుర్తుంది.

ఇక పవర్ సప్లై, చాలామంది ఎస్ఎంపీఎస్ అనేది. దీని గురించి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే. నా పాత కంప్యూటర్‌లో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పవర్ సప్లై ఉండేది, స్టిక్కర్ మీద 500 వాట్లని పెద్దక్షరాలు. దాని మీదే ఒక గ్రాఫిక్స్ కార్డ్ పెట్టాను. మొదట ఆట మధ్యలో పీసీ ఆఫ్ అయ్యేది, డ్రైవర్ సమస్యేమో అనుకుని విండోస్ రెండుసార్లు వేశాను. ఒక రాత్రి టప్ మని శబ్దం, కాలిన వాసన, పవర్ సప్లైతో పాటు మదర్‌బోర్డ్ కూడా పోయింది. తర్వాత స్టిక్కర్ మీది చిన్న అక్షరాలు చదివితే 12 వోల్టుల లైన్ దగ్గర 20 ఆంపియర్లు అని ఉంది, అంటే 240 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ నడిచేది ఆ 12 వోల్టుల మీదే, కాబట్టి పెద్దక్షరాలు వదిలేసి ఆ గడి చూడండి.

ఇప్పటి సెట్ లెక్క చూస్తే కార్డ్ 132 వాట్లు, ప్రాసెసర్ గరిష్ఠంగా 76, మిగతావన్నీ కలిపి ఇంకో 50 అనుకుందాం, మొత్తం 260 దాటదు. నిజాయితీగా తయారైన 550 వాట్ల యూనిట్ దీనికి చాలా ఎక్కువే, రేపు పెద్ద కార్డ్ పెట్టినా తట్టుకుంటుంది. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉంటే మంచిదే, కానీ అది కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్పే కొలత, లోపలి పార్టుల నాణ్యతకు హామీ కాదు. అయిదేళ్లో అంతకంటే ఎక్కువో వారంటీ ఇస్తున్నారా అన్నది చూడండి. ప్రాసెసర్, ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చు (5600 కూర్చునే సాకెట్ పేరు ఏఎమ్4, ఆ రకం ప్రాసెసర్‌కి పిన్నులు దానికే ఉంటాయి, ఒక్కటి వంగినా కష్టం, తిప్పి చూసి తీసుకోండి), పవర్ సప్లై మాత్రం వద్దు.

ఎస్ఎస్‌డీ 1 టీబీ తీసుకోండి, 500 జీబీ మూడు పెద్ద ఆటలకే నిండిపోతుంది. మరీ ఖరీదైన వేగం అక్కర్లేదు, మామూలు ఎన్‌వీఎంఈకీ ఖరీదైనదానికీ ఆట లోడయ్యే టైమ్‌లో తేడా ఒకటి రెండు సెకన్లే. క్యాబినెట్ ముందువైపు జాలీ ఉండాలి, మొత్తం గాజు పలక ఉంటే చూడ్డానికి బాగుంటుంది కానీ గాలి లోపలికి రాదు.

ఈ సెట్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. రే ట్రేసింగ్ ఆన్ చేస్తే కార్డ్ చతికిలబడుతుంది. కొత్త ఆటల్లో టెక్స్చర్లు (వస్తువుల మీద కనిపించే బొమ్మల నాణ్యత) అల్ట్రాలో పెడితే 8 జీబీ నిండిపోయి కుదుపులొస్తాయి, ఒక మెట్టు తగ్గించుకోవాల్సిందే. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ లాంటి పనులు, లైవ్ స్ట్రీమింగ్ మీకు ముఖ్యమైతే ఎన్‌విడియా కార్డ్ వైపే వెళ్లండి, ఆ పనుల్లో అది నిజంగా ముందుంది. ఏఎమ్4 పాత సాకెట్, ఏఎమ్5కి మారాలంటే బోర్డ్, ర్యామ్ రెండూ మార్చాలి, అది తెలిసే తీసుకున్నాను. ఎందుకంటే రైజెన్ 7 5700ఎక్స్‌3డీ ఇదే బోర్డ్‌లో కూర్చుంటుంది, ఎనిమిది కోర్లు, 96 ఎంబీ ఎల్3 క్యాష్. దాని కోసం బయోస్ అప్‌డేట్ పోయిన వారమే చేసి పెట్టుకున్నాను.