మైలిన్ మందు: మింగాలా, పొడిపించుకోవాలా, అంటించుకోవాలా?

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) ఉన్నవాళ్లలో రోగనిరోధక కణాలు నరాల మీది మైలిన్ పొరను పరాయిదనుకుని దెబ్బతీస్తాయి. ఇప్పుడున్న మందులు చాలావరకు మొత్తం రోగనిరోధక వ్యవస్థకే కళ్లెం వేస్తాయి. అలా కాకుండా మైలిన్ ముక్కలనే కొంచెం కొంచెంగా ఇచ్చి ‘ఇది మనదే, వదిలెయ్’ అని అలవాటు చేయొచ్చా? ఈ ఆలోచన పాతదే. తేలనిదల్లా ఎటునుంచి ఇవ్వాలన్నదే.

మింగడం అన్నిటికన్నా సులువు. తిన్న ప్రతిదాని మీదా ఒళ్లు తిరగబడదు కదా అని ఆవు మైలిన్‌ను క్యాప్సూల్స్‌లో ఇచ్చి చూశారు. 1993లో 30 మందితో చేసిన ట్రయల్ ఆశ పుట్టించింది. తర్వాత 500 మందికి పైగా పాల్గొన్న ట్రయల్‌లో ప్లాసిబోకీ (మందు లేని ఉత్తుత్తి గోళీకీ) దానికీ తేడా తేలలేదు.

సూది సంగతి చూస్తే భయమేస్తుంది. కాస్త మార్చిన మైలిన్ పెప్టైడ్‌ను (చిన్న ప్రోటీన్ ముక్కను) చర్మం కింద ఎక్కిస్తే, 8 మందిలో ముగ్గురికి జబ్బు తిరగబెట్టింది. 2000లో వచ్చిన ఫలితమిది. తప్పు సూదిదా, మార్చిన పెప్టైడ్‌దా అంటే, రెండోదాని మీదే నాకు అనుమానం.

ఇక ప్యాచ్. పోలండ్ వైద్యులు మూడు మైలిన్ పెప్టైడ్లు కలిపి కుడి జబ్బ మీద అంటించారు. మొదటి నెల వారానికొకటి, ఆ తర్వాత 11 నెలలు నెలకొకటి. చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాలు ఆ ముక్కలను అందుకుని లింఫ్ గ్రంథులకు చేరవేస్తాయి. వాపు, ఇన్ఫెక్షన్ లాంటి ప్రమాద సూచన లేకపోతే అక్కడ దాడికి బదులు ఓర్పు పుడుతుంది. 2013లో ఫలితాలు వచ్చాయి: ప్లాసిబో వాళ్లకు ఏడాదికి సగటున 1.4 సార్లు జబ్బు తిరగబెడితే, ఒక్కో పెప్టైడ్ 1 మి.గ్రా. చొప్పున ఉన్న ప్యాచ్ వాళ్లకు 0.43. పది మి.గ్రా. ప్యాచ్ వేసింది నలుగురికే, దాని గురించి ఏమీ చెప్పలేం.

దారుల మధ్య సూటి పోటీ ఇంకోచోట జరిగింది. ఏటీఎక్స్-ఎమ్మెస్-1467 అనే మైలిన్ పెప్టైడ్ల మందును కొందరికి చర్మంలోపలి పొరలో, కొందరికి చర్మం కింద ఇచ్చారు. చర్మంలో ఇచ్చినవాళ్లకే ఎమ్మారైలో కొత్త మచ్చలు బాగా తగ్గాయి. మందు ఆపాక మళ్లీ మొదటికొచ్చాయి.

నన్నడిగితే చర్మం దారే మేలు. అయితే పోలండ్ ట్రయల్‌లోనూ ఉన్నది 30 మందే, అందులో ప్లాసిబో వాళ్లు 10 మంది. క్యాప్సూల్స్ కూడా 30 మందిలో బాగానే కనిపించాయి మరి! అందుకే పెద్ద ట్రయల్ జరిగేదాకా, న్యూరాలజిస్టు రాసిన మందు ఆపి ప్యాచ్ కోసం ఎదురుచూడటం మాత్రం వద్దు.